అన్నగారి గేటు పాసు

"టైమెంతయింది?"

అధ్యక్షుడు అలా అడగడం అది నాలుగోసారి. చేతికి ఖరీదైన గడియారం ఉంది. అయినా గుమాస్తానే అడుగుతున్నాడు.

"పదకొండు ఇరవై, సార్."

"ఇంకో నలభై నిమిషాలు. ముసలాయన దగ్గర ఏమైనా ఉందంటావా?"

"ఉంటే ఈపాటికి బల్ల మీద పెట్టేసేవారు సార్. పొద్దుట్నుంచీ నీళ్ళు నములుతున్నారు."

క్రికెట్ సంఘం సమావేశపు హాలు పక్కగదిలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. హాల్లో రిటైరైన జడ్జిగారు విచారణ జరుపుతున్నారు. ఫిర్యాదు చేసింది పాత అధ్యక్షుడైన ముసలాయన. ఇప్పటి అధ్యక్షుడికి అరవై ఎనిమిదేళ్ళు కావని, డెబ్బై దాటాయని, చిన్నప్పుడు పదహారేళ్ళ లోపు జట్టులో ఆడటానికి వయసు తగ్గించి రాయించుకున్నాడని ఆయన ఆరోపణ. పన్నెండులోగా ఆధారం చూపించకపోతే ఫిర్యాదు కొట్టేస్తానని జడ్జిగారు తేల్చి చెప్పారు. చూపిస్తే మాత్రం పదవి ఊడినట్టే. డెబ్బై దాటినవాళ్ళు సంఘంలో ఏ పదవిలోనూ ఉండకూడదు మరి.

ఆ నిబంధన తెచ్చింది వేరెవరో కాదు, ఈ అధ్యక్షుడే. స్కోరు పుస్తకం రాసుకునే తనను చెయ్యి పట్టుకుని ఇంతవాణ్ణి చేసిన ముసలాయనను ఆరేళ్ళ కిందట ఆ ఒక్క నిబంధనతో ఇంటికి పంపించాడు. ఆ తర్వాత ఇక అధ్యక్షుడికి అడ్డే లేకపోయింది. నచ్చని సెలెక్టర్లను ఒక్క సంతకంతో పీకేశాడు. స్టాండుకు తన పేరే పెట్టుకున్నాడు. ఇదేమిటని అడిగిన క్లబ్బులకు ఆడుకోవడానికి మైదానం లేకుండా చేశాడు. ఆయన్ని తిట్టుకోనివాడు లేడు. కానీ ఆ తిట్టేవాళ్ళు కూడా ఒక్క విషయంలో నోరు మూసుకునేవాళ్ళు. గోడ మీద అద్దం బిగించి వేలాడదీసిన పేపరు ముక్క అదే చెబుతోంది: 'సొంత అన్నకూ పాసు ఇవ్వని అధ్యక్షుడు.'

అది నిజమే. "మా అన్నయ్య ఈ గేటు దాటాడని తెలిస్తే నీ ఉద్యోగం ఉండదు" అని గుమాస్తా చేరిన రోజే చెప్పాడు. ఐదేళ్ళయినా గుమాస్తా ఆ అన్నగారి మొహం ఎరగడు. ఇంత నిక్కచ్చి మనిషి వయసు విషయంలో అబద్ధమాడాడంటే అతను చచ్చినా నమ్మడు.

అందుకే నిన్న ఫోన్ వచ్చినప్పుడు అతని మనసు కరిగిపోయింది.

"బాబూ, నేను మీ అధ్యక్షుడి అన్నని. వాడి మీద ఏదో విచారణట కదా. ఎందుకో ఏమిటో నాకు తెలీదు. వాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంటే ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. వస్తే తిడతాడంటావా?"

గొంతు అచ్చం అధ్యక్షుడిదే. తిట్టడం మాత్రం తెలియని గొంతు.

"తిడితే నేను పడతాలెండి, మీరు రండి. పాసు రాసి ఉంచుతాను. మీ వయసెంతండీ?"

"డెబ్బై ఒకటి."

తమ్ముడి కంటే మూడేళ్ళు పెద్దన్నమాట. గుమాస్తా పాసు రాసి గేటు దగ్గర ఇచ్చేశాడు. కష్టంలో తోడబుట్టినవాడు కనిపిస్తే సార్ కోపం ఎంతసేపుంటుందిలే అనుకున్నాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా అధ్యక్షుణ్ణి హాల్లోకి పిలిచారు. గుమాస్తా వెనకే వెళ్ళాడు.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఆధారం ఉందా?" అన్నారు జడ్జిగారు.

"బడి రిజిస్టరు దొరకలేదండీ," అన్నాడు ముసలాయన. "ఆసుపత్రి కాగితాలూ లేవు. కానీ ఆ తప్పుడు తేదీ ఈ చేత్తోనే రాశాను."

"నోటిమాట చెల్లదండీ."

ముసలాయన తల దించుకున్నాడు. ఉదయం నుంచి మొదటిసారి అధ్యక్షుడు నవ్వాడు. జడ్జిగారు కలం మూత తీశారు.

అంతలో గేటు కాపలా అతను లోపలికొచ్చాడు. "ఒకాయన వచ్చారండీ. అధ్యక్షుడిగారి అన్నగారట. పాసు ఉంది, గుర్తింపు కార్డులో వయసు డెబ్బై ఒకటి అనే ఉంది. కానీ..."

"అన్నీ సరిగ్గా ఉంటే కానీ ఏమిటయ్యా? రానివ్వు," అన్నారు జడ్జిగారు.

"వద్దు!" అధ్యక్షుడు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "ఎవరిచ్చారు పాసు? ముందు బయటికి పంపించండి!"

"నేనే సార్," అన్నాడు గుమాస్తా. "మీ నిజాయితీ అందరికీ తెలిసిందే. ఈ ఒక్కరోజుకీ..."

అధ్యక్షుడి చూపులో కోపం లేదు. ఉన్నదంతా భయమే. ఎందుకో గుమాస్తాకు అర్థం కాలేదు.

తలుపు తెరుచుకుంది. చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన బెరుకుగా లోపలికి వచ్చాడు. "భయపడకురా, నేనున్నాను" అన్నాడు తమ్ముడితో.

జడ్జిగారు వచ్చినాయన్ని చూశారు. అధ్యక్షుణ్ణి చూశారు. మళ్ళీ వచ్చినాయన్ని చూసి, కలానికి మూత పెట్టేశారు.

వాళ్ళిద్దరూ కవలలు.