దేవుడి ఇంటికి కోటా

“ఒక్కరిని కూడా పెంచను. ఇదే నా ఆఖరి మాట,” అన్నాడు ఫవ్వాజ్, ఖర్జూరాల పళ్లెం లెస్తారి వైపు జరుపుతూ.

మర్యాదలకేం లోటు లేదు, ఒక్క మంచిమాటకే కరువొచ్చింది అనుకుంది లెస్తారి. జెద్దాలోని సౌదీ హజ్ శాఖ ఆఫీసు గదిలో పొద్దుటి నుంచీ ఇదే తంతు. ఇండోనేషియా ప్రభుత్వం తరఫున ఆమె అడుగుతున్నది ఈ ఏటి హజ్‌కు అదనంగా ఎనిమిది వేల మందికి అనుమతి. అదీ డెబ్బై అయిదేళ్లు దాటి, తమ వంతు కోసం వరుసలో కాచుకున్న ముసలివాళ్ల కోసం. ఫవ్వాజ్ సిఫారసు చేస్తే పైవాళ్లు కాదనరు. ఆయన చేస్తేగా!

“హాజీలు దిగే మినాలో గుడారాలకు జాగా లేదు లెస్తారి గారూ. కొండల్ని వెనక్కి నెట్టమంటారా?”

“మావాళ్లు పొట్టివాళ్లండీ. ఇద్దరి చోట ముగ్గురు సర్దుకుంటారు.”

పక్కనున్న ఆమె సహాయకుడు బగ్యో కిసుక్కున నవ్వాడు. ఫవ్వాజ్ నవ్వలేదు.

“నిన్న వచ్చిన దేశంవాళ్లూ ముసలివాళ్ల పేరే చెప్పారు. మొన్నటివాళ్లూ అంతే. ఎవరి ముసలివాళ్ల మీదని జాలి పడను?”

“మా దగ్గర ఇవాళ పేరిస్తే పాతికేళ్లకు వంతు. మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఎదురుచూస్తున్నారు పాపం. తీరా పిలుపు వెళ్లేసరికి ఎంతోమంది గోరీల్లో ఉంటున్నారు.”

“అల్లా వాళ్ల మనసు చూస్తాడు. ఓపిక పట్టమనండి.”

ఓపికట! లెస్తారికి ఒళ్లు మండింది.

“మా ఆడవాళ్లు మీ ఇళ్లలో అంట్లు తోమడానికి వచ్చినప్పుడు ఏం కోటా పెట్టారండీ? ఎంతమందినైనా రమ్మన్నారే! దేవుడి ఇంటికి వస్తామంటేనా ఈ లెక్కలన్నీ?”

బగ్యో బల్లకింద ఆమె కాలు తొక్కాడు. అప్పటికే నోరు జారిపోయింది. అవతల హోటల్లో తమ మంత్రిగారు కబురు కోసం కాచుకుని ఉన్నారు. అంతమంది ముసలివాళ్ల ఆశ నా నోటి దురుసుకు మట్టిపాలైందే అని తనను తానే తిట్టుకుంది.

ఫవ్వాజ్ ఖర్జూరాల పళ్లెం పక్కకు జరిపాడు.

“తుమీనా,” అన్నాడు. “జావాలో కెబుమెన్ దగ్గర పల్లె ఆవిడది. మక్కాలో మా ఇంట్లో పనిచేసింది. నన్ను పెంచింది ఆవిడే. నా చిన్నప్పుడు మా అమ్మానాన్నా ఏటా హజ్‌కు వెళ్లేవాళ్లు. నన్ను కనిపెట్టుకుని ఆవిడ ఇంట్లోనే ఉండిపోయేది. అన్నేళ్లు మక్కాలో ఉండి, ఒక్క హజ్ కూడా చేయకుండా మీ దేశం వెళ్లిపోయింది. ఇప్పుడు మీ ముసలివాళ్ల వరుసలో ఉంది.”

జేబులోంచి కలం తీశాడు. “ఈ ఏడు ఆవిణ్ని మొదటి విమానం ఎక్కించండి. ఎనిమిది వేలకూ ఇప్పుడే సంతకం పెడతాను.”

బగ్యో ముఖం వెలిగిపోయింది. “ఊఁ అనండక్కా! ఒక్క ముసలమ్మేగా!”

నిజమే, ఒక్క ముసలమ్మే. సరే అన్న మాట లెస్తారి నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇవాళ ఈవిడ, రేపు మంత్రిగారి అత్తగారు, ఎల్లుండి ఇంకెవరో. ఎవరి దన్నూ లేని ముసలాళ్లు ఎప్పటికీ వెనకే. సెమరాంగ్‌లో తన తల్లి కూడా ఆ వరుసలోనే ఉంది. “నా వంతెప్పుడే?” అని ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా “ముందున్నవాళ్లు వెళ్లాకే అమ్మా” అని నోరు మూయించేది తనేగా!

“కుదరదండీ,” అంది. “తుమీనా గారి ముందున్నవాళ్లు కూడా ఎవరినో ఒకరిని పెంచినవాళ్లే. వరుస కదపలేను.”

“అయితే ఎనిమిది వేలూ వదులుకుంటారా?”

“వదులుకోను. అడుగుతూనే ఉంటాను. వరుస మాత్రం కదపను.”

ఫవ్వాజ్ విసురుగా లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

“కొంప ముంచారక్కా,” అన్నాడు బగ్యో, సంచి సర్దుకుంటూ. లెస్తారి తన కాగితాలు తీసుకుని లేచింది. మంత్రిగారికి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. ఫవ్వాజ్ వచ్చి సంతకం పెట్టిన కాగితం ఆమె చేతికిచ్చాడు. అందులో ఎనిమిది వేలు కొట్టేసి ఉంది. పక్కన కొత్త అంకె. లెస్తారి రెండుసార్లు చదువుకుంది.

“పదకొండు వేల ఆరువందల నలభై రెండా? మేం ఇంత అడగలేదే! అయినా ఈ చిల్లర లెక్కేమిటండీ?”

“వరుస కదపనన్నారుగా!” అన్నాడు ఫవ్వాజ్. “అందులో మా తుమీనా నంబరు అదేనట.”