నల్లపొట్టేలులో ఆదివారం భోజనం

"ఇదేంటి, పలకా?" ముందున్న నల్లరాతి పలకని ఫోర్కుతో పొడిచాడు పెర్సీ. "బలపం ఇవ్వడం మర్చిపోయినట్టున్నాడు!"

"మెల్లిగా. వింటాడు," అంది భార్య ఎనిడ్.

పలక మీద రెండు గొడ్డుమాంసం ముక్కలు, బొటనవేలంత యార్క్‌షైర్ పుడ్డింగు రొట్టె, పక్కన ఎర్రగా బీట్‌రూట్ నురగ. ఇదట ఆదివారం భోజనం! మూడొందల ఏళ్ళ ఈ నల్లపొట్టేలు పబ్బులో పెర్సీ నలభై ఏళ్ళపాటు తిన్నది ఇది కానేకాదు. అప్పట్లో పళ్ళెం అంచులు దాటి గ్రేవీ కారేది. పాత యజమాని పోయాక పబ్బు ఆరేళ్ళు మూతపడింది. రెండేళ్ళ కిందట గారెత్ అనే షెఫ్ వేల్స్ నుంచి వచ్చి, దూలాలకి పట్టిన మసి గీకించి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి మళ్ళీ తెరిచాడు. మొదట్లో ఊరంతా ఎగబడింది. ఇప్పుడు ఆదివారం ఠంచనుగా నిండే బల్ల ఇదొక్కటే.

"ఇవాళ చెప్పేస్తా. ఇక రాబోమని మొహం మీదే చెప్పేస్తా. రెండేళ్ళు! నా వల్ల కాదు," అన్నాడు పెర్సీ.

"చెప్పు చూద్దాం. పోయినవారం కూడా ఇలాగే ఎగిరావు."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నేనా? మనం మానేస్తే ఈ పబ్బు మూసుకోవాల్సిందే. ఆ పాపం నాకెందుకు?"

"అందుకే కదా చచ్చినట్టు తింటున్నా!"

ఇంతలో గారెత్ చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఎలా ఉందండీ?"

పెర్సీ నోరు తెరిచాడు. ఆ కళ్ళు చూసి ఫోర్కు కింద పెట్టాడు.

"చాలా బావుంది బాబూ," అన్నాడు.

"అద్భుతం," అంది ఎనిడ్.

"నిజంగానా? బాగోకపోతే మొహమాటం లేకుండా చెప్పండి."

"అయ్యో, వంక పెట్టడానికేముంది!"

గారెత్ చేతిలోని గుడ్డ మడతపెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మరి... వచ్చే ఆదివారం కూడా వస్తారా?"

ఆ గొంతు వింటే పెర్సీకి జాలేసింది. ఇంత ఆశ పెట్టుకున్నవాడికి రాబోమని ఏ నోటితో చెప్పడం?

"రాకుండా ఎక్కడికి పోతాం! క్రిస్మస్‌కి కూడా ఈ బల్ల మాదే, రాసుకో."

"క్రిస్మస్‌కి కూడానా!" గారెత్ కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పాపం, సంతోషం తట్టుకోలేకపోయాడనుకున్నాడు పెర్సీ.

అతను వెళ్ళగానే ఎనిడ్ తన నురగ కూడా మొగుడి పలక మీదికి తోసేసింది.

"ఇక బయటపడేది మనం చచ్చాకే," గొణుక్కుంటూ స్పూన్ అందుకున్నాడు పెర్సీ.

వంటింట్లో గారెత్ తలుపు మూసి, వేల్స్‌లో ఉన్న భార్యకి ఫోన్ చేశాడు.

"ఇవాళైనా చెప్పావా? ఇంటికి ఎప్పుడొస్తావు?" అంది సియాన్.

"ఆ ముసలాళ్ళు అంత ఇష్టంగా తింటుంటే, పబ్బు మూసేస్తున్నానని ఎలా చెప్పనే?"