ఎనోక్ చేసిన పైకప్పు

“నిచ్చెన గట్టిగా పట్టుకో తాతా,” అంది మిస్ థొరోల్డ్ పైనుంచి. “ఈ దూలాలు నాలుగొందల ఏళ్లవంటావు?”

“నా గడ్డం మీద ఒట్టు తల్లీ,” అన్నాడు ఎనోక్.

“నీకు గడ్డమేదీ?”

“ఒట్లు వేసీ వేసీ రాలిపోయింది.”

ఆమె నవ్వలేదు. లండన్ నుంచి వచ్చిన పాత కట్టడాల ఇన్‌స్పెక్టరు మరి. యుద్ధం తర్వాత పెరిగిన పన్నులు కట్టలేక ఓస్మర్ భవనాన్ని కూల్చి, రాయీ కలపా అమ్ముకుంటానంటున్నాడు చిన్నదొర. ఆ పైకప్పు పాతదని ఆమె రాస్తే చాలు, ఇంటి మీద ఎవడూ గునపం వేయకూడదు. రాయకపోతే భవనంతోపాటు గేటు పక్క రెండు గదులూ పోతాయి. భవనం వడ్రంగి ఎనోక్, అతని భార్య హెస్టర్ ముప్పై ఎనిమిదేళ్లుగా కాపురముంటున్నది వాటిలోనే.

మిస్ థొరోల్డ్ దిగి చేతులు దులుపుకుంది.

“మధ్యాహ్నం మీ ఊరి పబ్బులో భోంచేశాను. పెద్దదొర గొప్పకోసం ఈ పైకప్పు నీచేతే చేయించాడట కదా! కొత్త ఓకు కలపకి టీ డికాక్షన్ పూసి, పిట్టల తుపాకీ పేల్చి, పురుగు తొలిచినట్టు బెజ్జాలు పెట్టావట.”

ఎనోక్ మొహం పాలిపోయింది. “ఎవడు కూశాడు?”

“నువ్వే. ముప్పై ఏళ్లుగా, బీరు పోయించిన ప్రతివాడి దగ్గరా.”

“అవి తాగి కోసిన కోతలమ్మా!”

“ఇల్లు పోతుందనగానే కోతలైపోయాయా?”

హెస్టర్ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “మా ఆయన నోరు తెరిస్తే అబద్ధమేనమ్మా. నమ్మకండి!”

“నమ్మడం లేదుగా,” అంది మిస్ థొరోల్డ్. కాగితం మీద ఒక్క ముక్క రాసింది. ‘నకిలీ.’

మార్చిలో కూల్చేవాళ్లు దిగారు. మంచం, కుర్చీలు బండికెక్కించాక హెస్టర్ అడిగింది:

“ఇప్పుడైనా చెప్పు. ఆ పైకప్పు నువ్వు చేసిందేనా?”

“ఎన్నిసార్లు చెప్పాలే?”

“చెప్పినప్పుడల్లా ఒక్కోలా చెప్పావు మరి!”

భవనం లోపల, కిందికి దించిన దూలాల అతుకు ఊడదీస్తున్న మేస్త్రీ కేకేశాడు. “తాతా! నీ పనితనం సంగతేమో గానీ, ఇందులో ఏదో చెక్కుకున్నావు, వచ్చి చూడు!”

ఎనోక్ కదల్లేదు. హెస్టరే వెళ్లి, ఆ అతుకులోని దుమ్మును ఏప్రన్‌తో తుడిచింది.

ఉలితో చెక్కిన నాలుగంకెలు: 1561.