పేగు చుట్టుకుంది

బిడ్డ మెడకు పేగు చుట్టుకుందని చెప్పి, డాక్టరమ్మ కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

మంచం మీద కూతురు నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి కూడగట్టుకుంటోంది. డాక్టరమ్మ నోరు తెరవకముందే అల్లుడు తలూపుతున్నాడు. గంగిరెద్దయినా అడిగాక ఊపుతుంది. తల్లి మాత్రం చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"పేగు చుట్టుకున్నంత మాత్రాన కోసెయ్యాలా?" అంది.

అక్కర్లేదంది డాక్టరమ్మ. చాలామంది బిడ్డలకు చుట్టుకుంటుందట, మామూలుగానే కాన్పులయిపోతాయట. ఇక్కడ చిక్కంతా గుండెతోనే. నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె వేగం పడిపోతోంది, మళ్లీ పుంజుకోవడానికి ఆలస్యమవుతోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి చూశారు, సెలైన్ పెట్టి చూశారు. మార్పు లేదు. కాన్పుకు ఇంకా చాలా టైముంది, అంతసేపు బిడ్డ తట్టుకోలేకపోవచ్చు.

ఆపరేషన్‌లోనూ ప్రమాదాలున్నాయని తనే చెప్పింది. రక్తం ఎక్కువ పోవచ్చు, కుట్లు చీము పట్టవచ్చు, తర్వాతి కాన్పుకు జాగ్రత్త పడాలి. ఒక్కటీ దాచలేదు. గొంతూ పెంచలేదు.

అల్లుడు సంతకానికి పెన్ను తీశాడు. కూతురు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ సరేనంటేనే అంది. ఇలాంటివి అమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవట.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఆవిడకు చుట్టాల్లో పేరు. ఇప్పుడు ఒక్క పేగు దగ్గర లెక్క తేలడం లేదు. డాక్టరమ్మ ముఖంలోకి పరీక్షగా చూసింది. చిన్నపిల్ల, తన కూతురి ఈడే ఉంటుంది. చూపు తిప్పుకోవడం లేదు. అది మంచికో చెడుకో తల్లికి అంతుపట్టలేదు. సరేనంటే కూతురి కడుపు ఉత్తపుణ్యానికి కోయించినట్టు కావచ్చు. కాదంటే బిడ్డ దక్కకపోవచ్చు.

డాక్టరమ్మ మెషీన్ సౌండ్ పెంచి వినమంది. గుండె చప్పుడు నెమ్మదించడం అందరికీ వినిపించింది. అల్లుడికి కళ్లనీళ్లు తిరిగాయి. మెషీన్‌దేముంది, ఏదైనా వినిపిస్తుంది అనుకుంది తల్లి.

"నన్ను మీ అమ్మ అనుకుని చెప్పు తల్లీ. నిజంగానే అవసరమా?"

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది. అయినా డాక్టరమ్మ విసుక్కోలేదు.

"అవసరం లేకుండానే ఉందని ఎవరైనా చెబుతారా అమ్మా?"

తల్లి రిటైరయ్యేదాకా ఓ నర్సింగ్ హోంలో, పేగు చుట్టుకోని బిడ్డల తల్లులకు చుట్టుకుందని మెత్తగా నచ్చజెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడమే ఆవిడ ఉద్యోగం.