సంతకం కింద తారీఖు

గ్రామసభలో బాలనర్సమ్మ ‘అందలేదు’ అని ఒక్క మాటంటే చాలు, మధుసూదన్ పని అయిపోయినట్టే.

చికెన్ తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి, శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్లను గుంతలు తీసి పూడ్చిపెట్టారు. ఆ ఏడాదే చిన్న ఫారాలకు సర్కారు సాయం వచ్చింది. బ్యాంకుల ముందు గుంపులొద్దని డబ్బు చేతికే ఇచ్చారు. పంచాయతీ తరఫున ఊళ్లో పంచింది మధుసూదన్. రిజిస్టరులో అందరి సంతకాలూ తీసుకున్నాడు. భిక్షం సంతకం మాత్రం తానే గీకి, డబ్బు జేబులో వేసుకున్నాడు పెద్దమనిషి. భిక్షం వచ్చి అడగడులే అని ధైర్యం.

భిక్షం రాలేదు. అతని భార్య బాలనర్సమ్మ వచ్చింది. ‘సంతకాల పట్టీ సూపెట్టు పటేలా’ అంటూ నాలుగేళ్లు తిరిగింది. కూలి పోగొట్టుకుని మరీ తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. చివరికి ఎవరిచేతో సమాచార హక్కు దరఖాస్తు రాయించి పడేసింది. ఇంకేముంది! పట్టీ అందరి ముందూ చదవాలని పైనుంచి ఆర్డరు వచ్చింది.

సభ రోజు పొద్దున్నే మధుసూదన్ ఆమె ఇంటికి పోయాడు. జేబులోంచి నోట్లు తీశాడు.

“నర్సమ్మా, ఇవి ఉంచు. అప్పటియి, మీదికెల్లి ఇంకిన్ని. సభల ముట్టినయని చెప్పు, సాలు.”

“పైసలొద్దు పటేలా.”

“మరేం గావాలె? నలుగుట్ల నా ఇజ్జత్ దీస్తవా?”

“పేరు సదువుతరంట గద. ఇనాలె.”

అద్దం ముందు బొట్టు దిద్దుకుంటూనే చెప్పింది. అతని వైపు తిరగను కూడా తిరగలేదు.

పంచాయతీ ముందు షామియానా వేశారు. తనిఖీకి వచ్చిన స్రవంతి మైకులో ఒక్కో పేరూ చదువుతోంది. ఆ పేరుగలవాళ్లు లేచి ‘ముట్టినయి మేడం’ అని కూర్చుంటున్నారు.

“భిక్షం.”

జనం వెనక్కి తిరిగి చూశారు. బాలనర్సమ్మ లేచి నిలబడింది.

“నేను ఆయన పెండ్లాన్ని.”

“ఆయన రాలేదా అమ్మా?”

“రాలే బిడ్డా. సంతకం ఉన్నదా?”

“ఉందమ్మా.”

“దాని కింద తారీఖేంది?”

“రెండు వేల ఇరవై, ఆగస్టు పన్నెండు.”

“ఇంకోపాలి సదువు.”

స్రవంతి మళ్లీ చదివింది. మధుసూదన్ చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది.

“డబ్బులు అందలేదా అమ్మా? భయపడకుండా చెప్పండి.”

“ముట్టినయి. ఆయనకే ముట్టినయి. గా సంతకం ఆయనదే.”

హమ్మయ్య! మధుసూదన్ కుర్చీలో కూలబడ్డాడు. ఈ మాత్రం దానికి నాలుగేళ్లు తిరిగిందా పిచ్చిది అనుకున్నాడు.

బాలనర్సమ్మ ఇంకా కూర్చోలేదు.

“గా కాయితం జిరాక్స్ ఒకటియ్యి బిడ్డా. జల్దీ ఠాణాకు వోవాలె.”

“ఠాణాకా? ఎందుకమ్మా?”

“గదే ఏడాది జూలైల కరోనా అని అంబులెన్స్‌ల ఎక్కించుకపోయిన్రు, ఏ దవాఖానల అడిగినా గా పేరుతోని ఎవ్వలు లేరన్నరు, సచ్చిండనుకొమ్మన్నరు, ఆగస్టుల సంతకం వెట్టిండంటే నా మొగడు బతికే ఉన్నడు గద బిడ్డా?”