అయిదు నిమిషాల కాయితం

"మా పోరడు నిన్న పొద్దుగాల పోయిండు సారూ. ఇంతవరకు ఇంటికి రాలే," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఎల్లేశం.

బల్లకు ఆ వైపు కూర్చున్న కుర్ర కానిస్టేబుల్ రాకేష్ తల గోక్కున్నాడు. "సార్, మీకిచ్చిన చీటీల పర్సు పోయిందని గదా రాసున్నది?"

"ఉండనీ. నువ్వు అడుగు."

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన మీటింగ్ హాలును ఆ రోజుకు పోలీసులకు ఇచ్చింది. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె ముగిసి రెండు నెలలైంది. స్టేషన్‌కు వచ్చినవాళ్లను కులం, మతం, యాస, ఆడ, మగ అనే తేడా లేకుండా చూడటం ఎలాగో నేర్పే తరగతి అది. యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రమ్మని ముందే చెప్పారు. "ఆంధ్రా మేడమొచ్చి మనకు సమానత్వం జెప్తదట," అని వెనక వరుసలో ఎవరో అంటే, శిక్షణ ఇచ్చే పుణ్యవతి విననట్టే ఊరుకుంది. ఒకరు పోలీసుగా, ఒకరు ఫిర్యాదు ఇచ్చే మనిషిగా కూర్చోవాలి. ముందు స్టేషన్లో మామూలుగా జరిగేట్టు, తర్వాత జరగవలసినట్టు చేసి చూపాలి.

"ఎప్పటిసంది కనబడ్తలేడు?" అని మొదలుపెట్టాడు రాకేష్.

"గట్ల కాదు. ముందుగాల ఏ ఊరని అడగాలె."

హాలంతా నవ్వింది.

"ఏ ఊరు?"

"గజ్వేల్ దిక్కు సారూ. బాలానగర్‌ల కిరాయికుంటం."

"ఇప్పుడేం అడగాలె సార్?"

"సమ్మె ఊరేగింపుకు పోయిండా అని అడుగు."

"పోయిండా?"

"దోస్తులు పిలిస్తె పోయిండు సారూ. సాయంత్రం సెక్యూరిటీ డ్యూటీ ఉండె. డ్యూటీ చొక్కా నలుగుతదని ఇస్త్రీ జేసి కవర్ల వెట్టుకొని పోయిండు."

"ఇగ రాళ్లెన్ని ఏసిండని అడుగు," అని ఎల్లేశమే మళ్లీ అందించాడు. రాకేష్ నవ్వు ఆపుకుంటూ అడిగాడు. వెనక వరుస చప్పట్లు కొట్టింది.

"ఏసెటోడు గాదు సారూ. నీ కాల్మొక్త. ఒక్క కాయితం రాయుండ్రి."

ఎల్లేశం చెయ్యి కొంగు కోసమన్నట్టు భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ దొరక్క కిందికి దిగింది.

"ఇప్పుడు నేనేమనాలె సార్?"

"రెండు దినాలు సూడు, ఆడే వస్తడు, పో అను. కాయితం ముట్టొద్దు. తల గూడ ఎత్తొద్దు."

రాకేష్ ఆ మాటలు అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చాయ్ ఫ్లాస్కు తెచ్చిన హౌస్‌కీపింగ్ సాయమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఇప్పుడు సరిగ్గా చేద్దామండీ," అంది పుణ్యవతి నెమ్మదిగా.

రాకేష్ లేచి నిలబడ్డాడు. కుర్చీ దగ్గరికి జరిపాడు. "కూసోండి. ఇగో, నీళ్లు తాగుండ్రి. నేను రాస్తున్న. ఇప్పుడే వైర్‌లెస్‌ల అన్ని స్టేషన్లకు చెప్పిస్త, దవాఖానలల్ల అడిగిపిస్త. పిలగాని పేరేంది?"

ఎల్లేశం నోరు తెరిచాడు. పేరు రాలేదు. గోడ గడియారం వైపు చూశాడు.

"గింతే రాకేష్. గింతే పని. అయిదు నిమిషాలు గూడ పట్టలే," అన్నాడు. తల బల్ల మీద వాల్చేశాడు.

పుణ్యవతి అందరినీ చాయ్‌కి బయటికి పంపేసింది. దగ్గరికి వచ్చి, "ఎల్లేశం గారూ, ఇది నటన కాదు కదండీ?" అని అడిగింది.

"కాదు మేడమ్."

ఆమె కళ్లు తుడుచుకుంటూ తనూ బయటికి వెళ్లింది.

సాయమ్మ కప్పులో చాయ్ పోసి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎల్లేశం ఆమెను ఓరకంట చూసి, చటుక్కున తల దించుకున్నాడు.

"తాగన్నా. సల్లారిపోతది."

అతను కప్పు ముట్టలేదు. సాయమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

"నీ మాటలిన్న. నా నోట్లకెల్లి గుంజుకున్నట్టే ఉన్నయ్. నాకూ ఒక్కడే కొడుకన్నా, ఆకాష్. సమ్మెప్పుడు ఊరేగింపుల జనం ఉరుకుతుంటె కిందవడ్డడు. తల పలిగింది. దవాఖానల రెండు దినాలు పేరు లేకుంట పండిండు. అమ్మా అమ్మా అన్నడట, నర్సమ్మ జెప్పింది. నేను పోయేటాల్లకు ఏమున్నది? డ్యూటీ చొక్కా చేతిల వెట్టిన్రు. కవర్ల అట్లనే ఉన్నది. ఇస్త్రీ గూడ నలగలే."

ఎల్లేశం రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"మొదటి దినమే కాయితం రాసుంటె దొర్కుతుండె. పనికి దగ్గరని గీ పక్క స్టేషన్‌కే పోయిన. పోలీసోనివి, నీకు గూడ రాయలేదంటె ఇగ మాసొంటోళ్లకు ఎవలు రాస్తరన్నా?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏడ్సుకుంట ఆ స్టేషన్ల పోలీసాయన మొఖం గూడ సక్కగ సూడలే. ఛాతి మీద పేరు పట్టీ ఉండె, నాకు సదువు రాదాయె. మన మాటే మాట్లాడిండు. మనోడే. గదే మరుపొస్తలేదన్నా, ఇంకోడైతె గింత గోస ఉండకపోవు."

బయట కారిడార్‌లో కానిస్టేబుళ్లు ఏదో జోకుకు నవ్వుతున్నారు. సాయమ్మ లేచి, చల్లారిన కప్పు తీసి వేడి చాయ్ పోసింది.

"నాకైతె తెల్వదు. నీకన్న ఎరుకనా అన్నా, కాయితం రాయనోని పేరు?"

అతను మొదటిసారి తలెత్తి ఆమె మొఖంలోకి చూశాడు.

"ఎల్లేశం," అన్నాడు ఎల్లేశం.