గండికి పెట్టిన రాళ్లు

కుంట గట్టుకు గండి పడింది. దాన్ని పూడ్చడానికి జంతువులన్నీ ఏడాదంతా తలా కొన్ని రాళ్లు తెచ్చి కుప్ప వేశాయి. ఎండలు ముదరగానే కప్పలు ఎప్పటిలాగే బురద కిందికి వెళ్లి నిద్రపోయాయి.

అప్పుడు కొంగ సభ పిలిచింది. "వానలకింకా టైముంది. ఈ రాళ్లతో సభకో అరుగు కట్టుకుందాం."

"అవి గండి కోసం తెచ్చినవి," అంది తాబేలు. "నీళ్లు నిలవకపోతే కప్పల పిల్లలు బతకవు."

"అయితే కప్పల్నే అడుగుదాం." కొంగ నేలవైపు వంగింది. "ఏమమ్మా, అభ్యంతరమా?"

జవాబు రాలేదు. ఉడుత పకపకా నవ్వింది. తాబేలు ఒక్కటే వద్దంది, తీర్మానం నెగ్గింది.

తొలివానకు కుంట నిండింది. కప్పలు లేచి గుడ్లు పెట్టే వేళకు సగం నీళ్లు గండిలోంచి పోయాయి. ముసలి కప్ప అరుగు దగ్గరికొచ్చింది.

"అడిగాం. మీరు పలకలేదు," అంది అరుగు మీద ఒంటికాలిపై నిలబడ్డ కొంగ.

"పలకలేమని తెలిసే, ఆ రాళ్లు దేనికో ముందే చెప్పి పడుకున్నాం."

కొంగ ఆలోచిస్తున్నట్టు కళ్లు మూసుకుంది. తాబేలు అప్పటికే అంచు రాయిని గండివైపు దొర్లిస్తోంది. కప్ప కొంగ కింది రాయికి భుజం ఆనించింది.

"ఆ రెండో కాలు కూడా ఎత్తు బావా," అంది.